వాసవీకుమారి ఫోటోకి దండ

వాసవీకుమారికి కుదురుగా కూర్చోవడం పుట్టుకతోనే రాలేదు. అన్నం కూడా ఒకచోట తినదు. ఒక ముద్ద వంటింట్లో, ఇంకో ముద్ద పెరటి గుమ్మంలో, మూడో ముద్ద వీధరుగు మీద నిలబడి, ఎవరి ఆటో ఎవరింటి ముందాగిందో చూస్తూ తింటుంది. బరంపురం బడాబజారులో పూజాసామాన్ల టోకు వ్యాపారం చేసే బాబూరావు భార్య అంటే, కొట్లో పీటేసుకుని కూర్చున్న మనిషిని ఊహించుకుంటారు ఎవరైనా. ఈవిడ అలాంటిది కాదు. సోంపేటలో పుట్టి, అయిదో తరగతితో బడికి దణ్ణం పెట్టి, పెళ్ళయి బరంపురం వచ్చింది. వచ్చిన ఏడాదిలోనే వీధిలో ఏ ఇంట్లో ఏ రోజు ఏం కూరో చెప్పగలిగేది. తెలుగిళ్ళలో తెలుగు, ఒడియా ఇళ్ళలో ఒడియా, ఏ భాషలో అడిగినా ఆరా మాత్రం ఒకటే.

అలాంటి మనిషి మేడ మీది వాటాలోకి సినిమావాళ్ళొస్తే ఊరుకుంటుందా?

అమిత్ బరంపురంలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. నాలుగేళ్ళ కిందట కొందరు స్నేహితుల్ని పోగేసి ‘గోనె’ అని ఒక సినిమా తీశాడు. కథ పెద్దదేం కాదు. ఉప్పు గోనెసంచీ తలమీంచి తొడుక్కుని, కళ్ళ దగ్గర రెండు కన్నాలు పెట్టుకున్న మనిషొకరు, ఒక ఇంట్లో అద్దెకున్నవాళ్ళని ఒక్కొక్కర్నే కొడవలితో చంపుకుంటూ పోతారు. ఆ గోనెలో ఉన్నదెవరో చివరిదాకా తెలియదు. సినిమా అయిపోయాక కూడా తెలియదు. ఆ ఇల్లే వాసవీకుమారి మేడ. ఇంటావిడ వేషం కట్టాల్సిన నటికి జ్వరమొస్తే, కాఫీలు పట్టుకుని పైకీ కిందకీ తిరుగుతున్న వాసవీకుమారినే నిలబెట్టేశాడు అమిత్. తలుపు తియ్యాలి, గోనె మనిషిని చూడాలి, అరవాలి, చచ్చిపోవాలి.

అక్కడే వచ్చింది చిక్కు. వీధి మొగలో ఉన్న కూరగాయల బండిని ఇంట్లోంచే ఆపగలిగే గొంతు, అరవమనేసరికి మూగబోయింది. గోనె మనిషి కొడవలెత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. సరిగ్గా అప్పుడు పైకప్పు మీంచి బల్లి జారి ఆవిడ ఎడం భుజం మీద పడింది. సినిమాలో జనాన్ని కుర్చీల్లోంచి లేపిన అరుపు అదే. షాటు అవగానే రక్తం కూడా కడుక్కోకుండా కిందకి పరిగెత్తి, పంచాంగంలో బల్లిపాటు ఫలితం చూసుకున్నాకే ఆవిడ మళ్ళీ పైకొచ్చింది.

రక్తమంటే బెల్లంపాకం. అందులో ఎర్రరంగూ, చిక్కదనానికి కాస్త కాఫీపొడీ. దాంతో ఒళ్ళంతా తడుపుకుని శవమై పడుకుంటే చీమలు ఊరుకుంటాయా? కాలి బొటనవేలు ఒక్కసారి కదిలింది. ఎడిటింగులో ఎవరూ చూసుకోలేదు. సినిమా ఫోన్లలోకి వచ్చాక మాత్రం పనిలేనివాళ్ళు అక్కడ ఆపి, పెద్దది చేసి, గుండ్రంగా గీత గీసి, శవం బతికే ఉందా అని వాదించుకున్నారు. వాసవీకుమారి ఆ వీడియోలన్నీ చూసింది. కర్పూరం కొనడానికొచ్చినవాళ్ళకల్లా చీమల సంగతి చెప్పింది. ఎదురింటి కాసమ్మ ఆవిణ్ణి పిలవడమే మార్చేసింది.

“ఏటే శవమా, పాలు కాసినావా?”

“కాసినాను గానీ, నీకొయ్యను. శవం పోసిన పాలు తాగుతారేటి ఎవులైనా?”

ఆ పేరు ఆవిడకి బాగానే నచ్చింది. అందుకే రెండో భాగం తీస్తున్నారని తెలిసినప్పట్నుంచీ ఆవిడకి కాలు నిలవలేదు.

ఈసారి షూటింగు హుమ్మలో, ఉప్పుమళ్ళ పక్కన ఎవరూ ఉండని పాత బంగళాలో. గోడలూ గదులూ అలంకరించే పని విశాఖపట్నం నుంచి వచ్చిన నవ్య అనే అమ్మాయిది. పూజాసామాన్ల కోసం ఆ అమ్మాయి బడాబజారుకొచ్చిన రోజున వాసవీకుమారి ఆమెను కూర్చోబెట్టి, పకోడీలు పెట్టి, కథంతా లాగేసింది. అప్పుడు తెలిసింది ఒక కొత్త సంగతి. రెండో భాగంలో మొదటి భాగం తాలూకు వస్తువులు మూలమూలల్లో దాచి పెడతారట. కథకి వాటితో పనుండదు. కళ్ళున్నవాళ్ళు వెతికి పట్టుకుని సంబరపడతారు.

“గోడ గడియారం పదీ పదికి ఆగిపోయి ఉంటుంది ఆంటీ. మొదటి సినిమాలో మీరు తలుపు తీసినప్పుడు అదే టైము. ఊరగాయ జాడీ మీ వంటింట్లోదే. కిటికీ తెరకి మీ చీర అంచు కుట్టాను.”

“మా సీర? ఏ సీర?”

“మీరు చచ్చిపోయిన చీర.”

వాసవీకుమారికి మొదట ఒళ్ళు పులకరించింది. తర్వాత కడుపులో మండింది. జాడీ ఉంది, చీరంచు ఉంది, తాను లేదు. “నేనేటి మరి? సచ్చిపోయినానని రెండో బాగంలో నాకు సోటే లేదా?” అంది. నవ్య పకోడీ కొరుకుతూ ఆలోచించింది. చనిపోయినవాళ్ళందరి ఫోటోలూ ఒక గోడ మీద పెడితే? వాసవీకుమారి ఆ మాట పూర్తవనివ్వలేదు. మేనకోడలి పెళ్ళిలో పట్టుచీర కట్టుకుని, ముక్కుపుడక మెరిసేలా తీయించుకున్న ఫోటో అప్పటికప్పుడు గోడమీంచి దింపి ఇచ్చేసింది.

నవ్య అట్నుంచటే కొట్లోకి దిగి, గంధపు చెక్క పొట్టుతో చేసిన దండలు కావాలని బాబూరావుని అడిగింది. సినిమావాళ్ళు కదా అని ఆయన మంచి నాణ్యమైనవి ఏరి, తన చేత్తోనే కాగితంలో చుట్టి, పురికొస వేసి కట్టి ఇచ్చాడు. ఎవరి ఫోటోలకని ఆయన అడగలేదు. ఆ అమ్మాయీ చెప్పలేదు.

గురువారం పొద్దున్న నవ్య పంపిన బొమ్మ ఫోనులోకి వచ్చింది. పెచ్చులూడిన గోడ, వరసగా ఫోటోలు, మధ్యలో వాసవీకుమారి. కింద ‘ఆంటీ, మీరే అందరికంటే బాగున్నారు’ అని రాసి ఉంది. వాసవీకుమారి మురిసిపోయి కాసమ్మకి చూపించింది, పాలవాడికి చూపించింది, ఆ ఊపులోనే అత్తగారికీ చూపించింది.

మహాలక్ష్మమ్మకి ఎనభై దాటాయి. కోడలితో రోజూ ఏదో ఒక దానికి గొడవపడందే ఆవిడకి పొద్దు గడవదు. కళ్ళద్దాలు తెప్పించుకుని, ఫోను దగ్గరికి లాక్కుని, చాలాసేపు చూసింది.

“మెళ్ళో అదేటే?”

“దండత్తా. సినిమాలో నేను సచ్చిపోయినాను కదా. అందుకేసారు.”

“బొట్టు కింద ఆ గంధమేటి?”

“అందరికీ పెట్టినారు.”

ముసలావిడ ఫోను మంచమ్మీద బోర్లా పడేసింది. “పసుపు కుంకాలతో తిరుగుతున్న మనిషి ఫోటోకి దండేత్తే, నువ్వూరంతా సూపించుకుంటన్నావా? నీకు బుద్దుందా, లేక ఆ సినిమావోల్లకిచ్చీసినావా?”

“సినిమాయే కదత్తా!”

“సినిమావో నాటకమో, దండ దండే.” అప్పుడే కొట్టు తియ్యడానికి బయల్దేరుతున్న కొడుకుని పిలిచింది. “బాబూ, ఇలా రా. ఈ దండలు ఎక్కడివిరా?”

బాబూరావు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. దండ అల్లికా, మధ్యలో వేలాడే జరీ కుచ్చూ చూశాడు. ఆయన మొహంలో రంగు దిగిపోవడం వాసవీకుమారి చూసింది. కాపరానికొచ్చిన దగ్గర్నుంచి ఆ మొహం ఎప్పుడూ అలా అవలేదు.

“మన కొట్లోవే అమ్మా. నా సేత్తో నేనే కట్టిచ్చినాను.”

  మహాలక్ష్మమ్మ పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు దూరంగా జరిపింది. “ఆ దండ దిగీదాకా నేను పచ్చి మంచినీల్లు ముట్టను” అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

ఆవిడకి చక్కెర జబ్బు. పొద్దున మాత్ర వేసుకుని తినకపోతే ఒళ్ళు చెమటలు పట్టి సొమ్మసిల్లుతుంది. మాత్ర అప్పటికే వేసుకుంది. వాసవీకుమారి అటుకులు పట్టుకొచ్చింది, అరటిపండు పట్టుకొచ్చింది, తిట్టింది, బతిమాలింది. ముసలావిడ కదల్లేదు. నవ్యకి ఫోను చేస్తే ఎత్తలేదు. అమిత్‌ది కట్టేసి ఉంది. షాటు నడుస్తుంటే ఫోన్లన్నీ కట్టేయిస్తాడని వాసవీకుమారికి మొదటి సినిమా నుంచే తెలుసు.

“మీరు అత్త దగ్గరుండండి. నేనెల్తాను” అంది మొగుడితో. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూనే వీధి దాటేసింది.

కొత్త బస్టాండులో బాలుగావ్ బస్సు దొరికింది. కిటికీ పక్క చోటున్నా ఆవిడ కూర్చోలేకపోయింది. డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది. ఛత్రపురం వచ్చేలోపే బాబూరావు ఫోను చేశాడు.

“తీసీసారా?”

“ఇంకా బస్సులోనే ఉన్నానండీ. అత్త ఏటైనా తిన్నాదా?”

“లేదు. సెమట పడతంది.”

“పంచదార నాలిక మీదెట్టండి. తిట్టినా పెట్టండి.”

“పెట్టాను. ఉమ్మేసింది.”

సినిమాయే కదా అన్న మాట నోట్లో ఎక్కడో ఇరుక్కుపోయింది ఆవిడకి. ఋషికుల్య వంతెన మీద బస్సు ఊగింది. ఎడం రెక్క లాగినట్టనిపించింది. కడ్డీ పట్టుకున్నందుకేలే అనుకుని చెయ్యి మార్చింది. కుడి రెక్క కూడా లాగింది. ఎదుటి సీట్లో ముసలాయన తనవంకే చూస్తున్నట్టనిపించి, ఆయనేమీ అనకుండానే, “ఏటి తాతా, నేనేటైనా పాలిపోయినట్టున్నానా?” అని అడిగేసింది. ఆయన ఒడియావాడు. చేతిలోని కిళ్ళీ ఇవ్వబోయాడు. గంజాం ఊళ్ళో బస్సు ఊరికే ఆగిపోతే, డ్రైవరు టీ తాగడం అయ్యేదాకా ఆవిడ మెట్టు మీదే నిలబడి, అతను ఊదుకుని తాగే ప్రతి గుక్కనీ తనూ మింగింది.

హుమ్మలో దిగేసరికి ఎండ మండిపోతోంది. ఉప్పుమళ్ళ మీద తెలుపు కళ్ళలో గుచ్చుకుంటోంది. ఉప్పుకుప్పల మధ్య గట్ల మీద చీర ఎగ్గట్టి పరుగులాంటి నడకతో బంగళా చేరింది. గుమ్మంలో కాపలా ఉన్న ఒడియా అతను చెయ్యడ్డం పెట్టాడు. “షాట్ చాలుచి, మాఉసీ.”

“షాటు నడుస్తంటే నడవనీ. నేను అందులో సచ్చినదాన్ని” అంటూ ఆ చెయ్యి కిందనుంచే దూరిపోయింది.

లోపల గోడ మీద తన ఫోటో చూడగానే ఆవిడ కాళ్ళు ఆగాయి. ఫోనులో చూసినప్పుడు ఇలా లేదు. ముక్కుపుడక మెరుస్తోంది, ముందు దీపం వెలుగుతోంది, దండ ఫ్యాను గాలికి కొంచెం కొంచెం కదులుతోంది. ఇంట్లో పోయిన మామగారి ఫోటో కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది.

“అమిత్! ఆ దండ తీసీ నాయనా!”

అమిత్ తల పట్టుకున్నాడు. సంగతంతా విన్నాక తల వదిలేశాడుగానీ ఒప్పుకోలేదు. “పిన్నీ, నా మాటినండి. నిన్న సగం సీను తీసీసాం. హీరోయిన్ దీపం పట్టుకుని ఈ ఫోటోలన్నీ సూసుకుంటా ఎల్తాది. నిన్న మీకు దండుంది. ఇవాళ మిగతా సగం. ఇవాళ లేకపోతే దండేమయింది అంటారు.”

“ఎవడో తీసినాడను.”

“ఎవడు?”

“ఇంట్లో ఎవులున్నారు? ఆ పిల్లా, ఆ గోనోడూ. ఆ పిల్ల తియ్యదు. గోనోడే తీసుంటాడు.”

“ఎందుకు తీస్తాడు పిన్నీ?”

“సినిమా తీసినోడివి నువ్వు. అది కూడా నేనే సెప్పాలా?”

నవ్య దండల కాగితం చేతిలో పట్టుకుని గోడకానుకుని నిలబడి ఉంది. ఆ అమ్మాయి కళ్ళు చెమర్చి ఉన్నాయి. “సార్, గోనె వచ్చి అన్నిట్లోకీ ఈ ఒక్క దండే తీసుకుపోతే... చూసేవాళ్ళు చచ్చేదాకా వాదించుకుంటారు సార్” అంది మెల్లగా.

అమిత్ అటూ ఇటూ నడిచాడు. గోడ దగ్గరికెళ్ళాడు, కెమెరా దగ్గరికెళ్ళాడు. చివరికి “హేమచంద్రా, గోనేసుకో” అని కేకేశాడు. గోనె వేషం కట్టే హేమచంద్ర లేచి సంచీ తలకి తగిలించుకుంటూ ఉండగానే వాసవీకుమారి ఫోను మోగింది. బాబూరావే. తీయబోతున్నారని చెబితే ఆయన తల్లికి చెప్పాడు. తల్లి ఏదో అంది. ఆయన ఫోను ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

“ఎవుడు తీత్తాడే?” గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

“ఇక్కడ ఏసగాడు, అత్తా.”

“పరాయి మగోడు నీ దండ తియ్యడమేటి? కట్టింది నీ మొగుడి సెయ్యి. తీసింది నీ సెయ్యి అవ్వాల. బతికున్నాదని దండకి తెలవాల. లేపోతే...” మాట సగంలో ఆగిపోయింది. “పడుకుండిపోయిందే” అన్నాడు బాబూరావు.

వాసవీకుమారి హేమచంద్ర నెత్తి మీంచి గోనె లాగేసుకుంది. అతను నిర్ఘాంతపోయి ఇచ్చేశాడు. ఆవిడ తలమీంచి తొడుక్కుంది. లోపలంతా ఉప్పు వాసన, చెమట వాసన. కన్నాల్లోంచి గోడ మసగ్గా కనబడింది. హేమచంద్ర నల్ల చొక్కా కూడా పైన తొడిగించారు, చేతులు ముణుకుల దాకా వేలాడాయి.

“గాజులు తీసీండి పిన్నీ” అన్నాడు అమిత్.

గోనె అటు తిరిగింది. “ఏటన్నావు?”

“గోనె మనిషికి గాజులుండవు కదా.”

“ఫోటోకి దండేసినారు. ఇప్పుడు సేతి గాజులు తియ్యమంటన్నావు. ఇంక బొట్టొకటే మిగిలింది, అదీ సెరిపీమంటావా?” ఆ గొంతుకి లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా వెనక్కి జరిగారు. “పొడుగు సేతులే కదా. లోపలుంటాయి. తిప్పు కెమెరా.”

కెమెరా తిరిగింది. గోనె మనిషి చీకటి గుమ్మంలోంచి వచ్చాడు. అడుగు పొట్టిదీ, తొందరదీ. మొదటి సినిమాలోని నడక కాదది. గోడ దగ్గర ఆగకుండా, మిగతా ఫోటోలకేసి చూడకుండా, నేరుగా మధ్య ఫోటో ముందు నిలబడ్డాడు. చెయ్యెత్తాడు. మేకు ఎత్తుగా ఉంది. మునివేళ్ళ మీద లేవాల్సొచ్చింది. చొక్కా చెయ్యి మోచేతి దాకా జారిపోయింది. ఎర్ర గాజులు గలగలమని, దీపం వెలుగులో మెరిశాయి. దండ ఊడి చేతిలోకొచ్చింది. గోనె మనిషి దాన్ని గుండెకి అదిమి పట్టుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఎవరూ కట్ అనలేదు.

అమిత్ చిన్న తెర మీద మళ్ళీ వేయించి చూశాడు. గాజులు కనబడినచోట ఆపించాడు. “గోనెలో ఉన్నది ఆడమనిషి” అన్నాడు తనలో తనే. నవ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “చచ్చిపోయిన ఇంటావిడ. తన దండ తనే తీసుకెళ్ళిపోయింది” అంటూ అమిత్ లేచి పరుగున వచ్చాడు. “పిన్నీ, ఇంకోసారి! అచ్చు ఇలాగే! ఈసారి గాజులు కొంచెం మెల్లగా...”

“ఇంకోసారంటే మల్లీ దండెయ్యాలేటి?”

“ఒక్క నిమిషం పిన్నీ.”

“ఆ దండ మల్లీ గోడెక్కదు. తెగ్గోసినా ఎక్కదు.” గోనె తీసి పారేసి, దండ కొంగులో మూటకట్టేసింది. అమిత్ బతిమాలాడు, హేమచంద్ర బతిమాలాడు. ఆవిడ వినిపించుకోలేదు. నవ్య చేత ఉత్తి ఫోటోని, గంధం కూడా తుడిపించి, కొత్తగా తీయించి పంపించింది. పంపిన మరుక్షణం బాబూరావుకి ఫోను కలిపింది. మోగింది, మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. బంగళా వసారాలో ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగింది. ఉప్పు కూలీలు పని ఆపి చూశారు. మూడోసారికి ఎత్తాడు.

“సూసిందా? సూపించారా?”

“లేపి సూపించినాను. అద్దాలెట్టుకుని సూసింది. దండ లేదు, గందం లేదు అన్నాది. మజ్జిగడిగింది. పంచదారేసిచ్చినాను. తాగుతంది.”

వాసవీకుమారి వసారా మెట్టు మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. అవతల గ్లాసు పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత అత్తగారి గొంతు, నీరసంగానే, కానీ తన గొంతే.

“నువ్వే తీసినావా?”

“నేనే తీసినానత్తా. గోనేసుకుని మరీ తీసినాను. ఇక్కడోల్లంతా నేనే హంతకురాలినంటన్నారు.”

“అయితే మూడో బాగం కూడా తీత్తారా?”

“తీత్తారంట.”

“అందులో మొదట నన్ను సంపీ. నా ఫోటోకి దండెయ్యమను. నాకేటి బయం లేదు, ఈ వయసులో ఏసినా ఏయకపోయినా ఒకటే.”

“అత్తా!” వాసవీకుమారి లేచి నిలబడింది.  “సినిమాలోనైనా ఆ మాటనకు. ఇంకోసారన్నావంటే ఆ గోనేసుకునే ఇంటికొత్తాను.”